వాయించేవారి చెవులు

కుంభకర్ణుణ్ణి నిద్ర లేపడానికి రావణుడి కొలువులోని రాక్షసులు శంఖాలు ఊదారు, భేరులు మోగించారు, చెవి దగ్గర చేరి గావుకేకలు పెట్టారు. ఎంతకీ కదలని ఆ మహానుభావుడి నిద్రను తలచుకుని మనం తరతరాలుగా నవ్వుకుంటూనే ఉన్నాం. కాని అంతసేపు ఆ భేరులు మోగించిన రాక్షసుల చెవులు ఏమైనాయో ఏ పౌరాణికుడూ చెప్పలేదు, ఏ శ్రోతా అడగలేదు. వాళ్లకైనా అది ఒక్కనాటి ముచ్చట. మన ఊళ్లలో పెళ్లికీ, జాతరకూ, చావుకూ వాయించేవాళ్లకు అది నిత్యకృత్యం.

మా మెదక్ సీమలో వాయిద్యం లేని సందర్భమంటూ లేదు. శివరాత్రి వచ్చిందంటే, మంజీర ఏడు పాయలై పారే చోట వనదుర్గమ్మ సన్నిధిలో ఏడుపాయల జాతర. వానకాలంలో బోనాలు. భాద్రపదంలో వినాయకుడు. ముహూర్తాలు మొదలైతే పెళ్లిళ్లు. అన్నిటికీ డప్పు కావాలి, సన్నాయి కావాలి. ఇప్పుడు వాటికి తోడు బ్యాండు, తీన్‌మార్, డీజే పెట్టెలు కూడా కావాలి. మంగళసూత్రధారణ వేళ పురోహితుడు "గట్టిమేళం! గట్టిమేళం!" అని చెయ్యి ఊపుతాడు. ఆ శుభక్షణంలో కాని మాట ఏదీ చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఆచారం అది. వధూవరుల చెవులను అట్లా కాపాడడానికి మేళగాళ్లు తమ చెవులను ఖర్చు పెడుతున్నారన్న సంగతి మాత్రం మనకు తోచదు.

వేడుకలు మానుకోమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మేళం లేని పెళ్లి ఉప్పు లేని పప్పు. వాయించేవారు తమ వినికిడిని దక్కించుకోవడానికి చెవి బిరడాలు ఉన్నాయి. ఇయర్‌ప్లగ్గులని మందుల షాపుల్లో అడుగుతామే, అవే. వాటిని ఎట్లా ఎంచుకోవాలి, ఎట్లా పెట్టుకోవాలి అన్నదే ఇక్కడి ప్రసక్తి. మీ ఇంట్లో ఒక పిల్లవాడు డ్రమ్స్ నేర్చుకుంటున్నా, ఒక అమ్మాయి వయొలిన్ సాధన చేస్తున్నా, ఈ సంగతి మీది కూడా.

కర్ణభేరి వెనుక

చెవి లోపలి పలుచని పొరకు మనవాళ్లు కర్ణభేరి అని చక్కని పేరు పెట్టారు. బయట భేరి మోగితే లోపలి భేరి అదురుతుంది. అయితే పెద్ద శబ్దాల మధ్య ఏళ్ల తరబడి బతికేవారికి ముందుగా చెడేది ఆ పొర కాదు. దాని వెనుక, నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న భాగంలో సుమారు 15 వేల సూక్ష్మకణాలు ఉంటాయి. వాటి కొసలకు వెంట్రుకల వంటి మొలకలు. శబ్దం వచ్చినప్పుడు అవి గాలికి వరిచేను ఊగినట్టు ఊగి, ఆ కబురును నరం ద్వారా మెదడుకు అందిస్తాయి. గాలివానకు పడిన పైరు ఒకసారో రెండుసార్లో లేచి నిలబడుతుంది. మాటిమాటికీ పడితే ఇక లేవదు. ఈ కణాలూ అంతే. పక్షులలో ఇవి చచ్చినా మళ్లీ పుడతాయి. మనిషికి ఆ భాగ్యం లేదు.

అందులోనూ ముందు పోయేవి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను పట్టే కణాలు. సెకనుకు 4 వేల కంపనాల ప్రాంతంలో మొదటి దెబ్బ కనబడుతుంది. భాష మీద దీని ఫలితం చిత్రంగా ఉంటుంది. తెలుగు అజంత భాష. అచ్చులు బలమైనవి, తక్కువ స్థాయి ధ్వనులు. కనుక అవి వినబడుతూనే ఉంటాయి. హల్లులను వేరుచేసి చూపే సన్నని ధ్వని మాత్రం జారిపోతుంది. "పాలు" అన్నారో, "కాలు" అన్నారో, "చాలు" అన్నారో తెలియదు. మనిషి గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు. అందుకే చెవి చెడుతున్న మనిషి తనకు చెవుడు వస్తున్నదనుకోడు. ఎదుటివాళ్లే నోట్లో మాట నోట్లో నములుతున్నారనుకుంటాడు.

దీనికి ముందుగా వచ్చే హెచ్చరిక ఒకటి ఉన్నది. బారాత్ నుంచి ఇంటికి చేరి పడుకున్నాక చెవుల్లో గుయ్‌మని మోత వినబడడం చాలామందికి అనుభవమే. ఒక రోజో రెండు రోజులో ఉండి పోతుంది. పోయింది గదా అని మరిచిపోతాం. మళ్లీ మళ్లీ అట్లాగే జరిగితే ఒకనాడు అది పోకుండా నిలిచిపోతుంది. చెవిలో జోరీగ అని మనం మాటవరసకు అంటాం గాని, దానితో రాత్రింబవళ్లు కాపురం చేసేవాడికి అది మాటవరస కాదు.

ఎంత శబ్దం, ఎంతసేపు?

శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. ఈ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 3 డెసిబెళ్లు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపయినట్టు. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలు పనిచేయవచ్చు. ఆ తరువాత ప్రతి 3 డెసిబెళ్లకూ గడువు సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 97 అయితే అరగంట, 100 అయితే 15 నిమిషాలు మాత్రమే.

డప్పు, డ్రమ్ము, ట్రంపెట్టు వాయించేవాడి చెవి దగ్గర 100 డెసిబెళ్లు దాటడం అరుదేమీ కాదు. బారాత్ మూడు గంటలు నడిచిందనుకుందాం. అంటే 15 నిమిషాలు పన్నెండుసార్లు. పన్నెండు రోజుల్లో చెవి భరించవలసిన కోటాను మేళగాడు ఒక్క రాత్రిలో ఖర్చు చేసి వస్తున్నాడన్నమాట. మర్నాడు ఇంకో పెళ్లి.

కొలిచే యంత్రం లేకపోయినా ఒక గుర్తు ఉన్నది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, అక్కడి శబ్దం సుమారు 85 దాటిందని అనుకోవచ్చు. సెల్‌ఫోనులో శబ్దం కొలిచే ఆప్‌లు కూడా ఉన్నాయి. అవి చెప్పేది ఉజ్జాయింపే గాని, ఏమీ తెలియకపోవడం కంటే నయం.

"దరువు ఎట్ల దొరుకుతది సార్?"

కళాశాలలో తెలుగు చెప్పే నాకు ఈ విషయం పట్టించుకునేట్టు చేసినవాడు ఒక డిగ్రీ విద్యార్థి. ముహూర్తాల రోజుల్లో తండ్రితోపాటు డప్పుకు వెళ్లి ఫీజు సంపాదించుకుంటాడు. డప్పును ఎడమ భుజానికి తగిలించి రొమ్ముకు ఆనించి, కుడిచేతి చిర్రతో, ఎడమచేతి సిటికెన పుల్లతో వాయిస్తారు. కనుక దెబ్బంతా ఎడమ చెవికే దగ్గర. "మా నాయినకు ఎడమ చెవు ఇనొస్తలేదు సార్. ఎడమ దిక్కు నుంచి పిలిస్తే కుడి దిక్కు తిరుగుతడు" అన్నాడు ఆ అబ్బాయి. అంతకంటే పెద్ద కష్టం మరొకటి చెప్పాడు. వాయించే ముందు డప్పును మంట దగ్గర కాగబెట్టి చర్మం బిగువెక్కిందో లేదో మోగించి చూస్తారు. ముప్పయి ఏళ్లుగా తన చెవితో ఆ బిగువును తేల్చుకున్న మనిషి ఇప్పుడు డప్పు మీద ఒక దెబ్బ వేసి, కొడుకు ముఖం వైపు చూస్తున్నాడట.

చెవి బిరడాలు పెట్టుకోవచ్చు గదా అన్నాను. "చెవులు మూసుకుంటే దరువు ఎట్ల దొరుకుతది సార్? పక్కోడు ఏం కొడుతుండో తెల్వద్దా?" అన్నాడు. చాలా సరైన ప్రశ్న. బిరడాలు ఎంచుకోవడంలోని కిటుకంతా ఆ ప్రశ్నకు జవాబులోనే ఉన్నది.

ఏది ఎంచుకోవాలి?

ముందుగా పత్తి సంగతి. పెద్దవాళ్లు చెవిలో దూది పెట్టుకోవడం మనకు అలవాటు. చలిగాలికి అది ఏమైనా చేస్తే చేయవచ్చు గాని, శబ్దాన్ని ఆపడంలో దూది చేసేది బహు స్వల్పం. పెట్టుకున్నామన్న ధైర్యం మాత్రం పూర్తిగా ఇస్తుంది. అదే ప్రమాదం. పాటలు వినడానికి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కూడా ఈ పనికి చేసినవి కావు.

రెండవది ఫోమ్ బిరడా. నలిపితే నలిగి, వదిలితే మెల్లగా ఉబ్బే స్పంజి ముక్క. అతి చవక. సరిగా పెట్టుకుంటే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. వినేవారికి, డీజే పెట్టెల పక్కన నిలబడి పనిచేసేవారికి, జనరేటరు చూసుకునే కుర్రవాడికి ఇది చక్కగా సరిపోతుంది. వాయించేవాడికి మాత్రం ఒక చిక్కు. ఇది హెచ్చు స్థాయి ధ్వనులను ఎక్కువగా, తక్కువ స్థాయి ధ్వనులను తక్కువగా తగ్గిస్తుంది. దానికి తోడు చెవి రంధ్రానికి 2,500, 3,000 కంపనాల ప్రాంతంలోని ధ్వనిని సహజంగా పెంచి పంపే గుణం ఉన్నది. రంధ్రం మూస్తే ఆ మెరుగూ పోతుంది. కనుక పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినబడుతుంది. మన అబ్బాయి భయపడింది సరిగ్గా దీనికే.

మూడవది సంగీతకారుల కోసమే చేసిన ఫిల్టరు బిరడా. మెత్తని సిలికాన్ గొట్టం, దానిలో ఒక చిన్న జల్లెడ వంటి అమరిక. ఇది హెచ్చు తగ్గు స్థాయిలన్నిటినీ దాదాపు సమంగా తగ్గిస్తుంది. రేడియో గొంతు మార్చకుండా మీట మాత్రం తిప్పి శబ్దం తగ్గించినట్టన్నమాట. శ్రుతి చెడదు, దరువు పోదు, పక్కవాడి వాయిద్యం పక్కనే ఉంటుంది. ఈ తరహాలో పేరుపడ్డ ఇ.ఆర్.-15 ను ఎటిమోటిక్ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ 1988లో తెచ్చింది. 15 అంటే తగ్గించే డెసిబెళ్లు. 9, 25 తగ్గించే ఫిల్టర్లూ ఉన్నాయి. వీటిని ఎవరి చెవి అచ్చు తీసి వారికి కుట్టించిన చొక్కాలా చేయిస్తారు. అచ్చు తీయడం వినికిడి యంత్రాలు అమర్చే ఆడియాలజిస్టుల పని. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల ఆ నిపుణులు ఉంటారు. అంత ఖర్చు భరించలేనివారికి అందరి చెవులకూ పట్టే రెడీమేడు ఫిల్టరు బిరడాలు దొరుకుతాయి. వాటిలో రెండు మూడు సైజులు వేసి చూసుకుని, నొప్పి లేకుండా బిగువుగా నిలిచే దానిని తీసుకోవాలి. వీధిలో నడుస్తూ వాయించేవారు రెండింటినీ కలిపే దారం ఉన్న జత కొనుక్కోవడం మంచిది. ఒకటి ఊడినా మెడలో వేలాడుతుంది.

నాలుగవది హెడ్‌ఫోనులాగా చెవి మొత్తాన్ని మూసే ఇయర్‌మఫ్. ఇంట్లో డ్రమ్స్ సాధన చేసే పిల్లవాడికీ, వేడుకకు చంకన ఎత్తుకు వచ్చే పసిపిల్లలకూ ఇదే తగినది. పసివాళ్ల చెవిలో బిరడాలు దూర్చకూడదు.

ఎక్కువ తగ్గించేదే మంచిదా?

కొనేటప్పుడు చాలామంది చేసే పని, అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నది అడగడం. పెట్టె మీద ఎన్.ఆర్.ఆర్. లేదా ఎస్.ఎన్.ఆర్. అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. అది ప్రయోగశాలలో శ్రద్ధగా పెట్టి కొలిచిన అంకె. మన చేతుల్లో అది తరచు సగానికి దిగిపోతుంది.

అంకె కంటే ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉన్నది. 100 డెసిబెళ్ల మేళంలో 30 తగ్గించే ఫోమ్ బిరడా పెట్టుకున్న మనిషి, దరువు తెలియడం లేదని సగం సేపు దాన్ని తీసి జేబులో వేసుకున్నాడనుకోండి. సగానికి సగం, అంటే 15 డెసిబెళ్ల లాభం మిగులుతుందని మనం అనుకుంటాం. నిజానికి మిగిలేది 3 డెసిబెళ్లే! బిరడా తీసిన ఆ సగం సేపులో చెవి మీద పడిన దెబ్బ ముందు, పెట్టుకున్న సగం సేపు చేసిన మేలు లెక్కలోకి రాదు. అదే 15 మాత్రమే తగ్గించే ఫిల్టరు బిరడాను మొదటి నుంచి చివరిదాకా తీయకుండా ఉంచుకుంటే, 100 కాస్తా 85కు దిగుతుంది. 15 నిమిషాల గడువు 8 గంటలవుతుంది. కనుక అన్నిటికంటే ఎక్కువ తగ్గించేది కాదు, తీయాలనిపించనిదే మంచి బిరడా.

నడిరోడ్డు మీద రాత్రివేళ వాయించేవారికి ఇందులో మరో లాభం. వెనుక నుంచి వచ్చే లారీ హారను వినబడుతుంది.

సన్నాయి, క్లారినెట్టు, ట్రంపెట్టు ఊదేవారికి, పాడేవారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. చెవి మూసుకుంటే తమ గొంతు, తమ ఊదుడు తలలోనే కుండలో మోగినట్టు మోగుతుంది. బిరడా పైపైన ఉండడం వల్ల ఇది హెచ్చుతుంది. చెవి అచ్చు తీసి, రెండవ వంపు దాకా లోతుగా దిగేట్టు చేయించుకుంటే తగ్గుతుంది. వయొలిన్ వారికి, డప్పువారికి మాదిరిగానే, ఎడమ చెవి ప్రమాదం ఎక్కువ. అయినా బిరడాలు రెండు చెవులకూ పెట్టుకోవాలి.

పెట్టుకునే పద్ధతి

ఫోమ్ బిరడాను శుభ్రమైన చేతులతో సన్నని వత్తిలా నలపాలి. ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగితే రంధ్రం తిన్నగా అవుతుంది. అప్పుడు వత్తిని లోపలికి జొనిపి, అది ఉబ్బేదాకా 30, 40 సెకన్లు వేలితో అదిమి పట్టుకోవాలి. సరిగా కూర్చున్నదా లేదా తెలుసుకోవడానికి రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసి చూడండి. శబ్దంలో పెద్ద తేడా తెలియకపోతే బిరడా సరిగా పడ్డట్టే. మూయగానే బాగా తగ్గిందంటే మళ్లీ పెట్టుకోవలసిందే. మురికి పట్టిన ఫోమ్ బిరడాలను పారేయాలి. సిలికాన్‌వి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టుకోవాలి. చెవిలో చీము, నొప్పి, గులిమి గడ్డ ఉన్నవారు, కర్ణభేరికి చిల్లు ఉన్నవారు డాక్టరుకు చూపించకుండా ఏదీ పెట్టుకోరాదు.

పెట్టుకున్న మొదటి రోజే పెళ్లికి వెళ్లకూడదు. ఇంటి దగ్గర సాధనలో కొద్ది కొద్దిసేపు అలవాటు చేసుకోవాలి. రెండు వారాలు గడిస్తే కొత్త చెప్పుల కరుపు పోయినట్టు ఆ వెలితి పోతుంది. ఏటా ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోవాలి. హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రి ఇటువంటివారి కోసమే ఉన్నది. హఠాత్తుగా ఒక చెవి వినబడకపోతే అదే సర్దుకుంటుందిలే అని వారాలు గడపకుండా వెంటనే వెళ్లాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

పిలిచినవారి బాధ్యత

భారమంతా వాయించేవాడి మీదే వేస్తే న్యాయం కాదు. లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో క్రిస్టఫర్ గోల్డ్‌షైడర్ అనే వయోలా విద్వాంసుడు ఉండేవాడు. 2012 సెప్టెంబరులో వాగ్నర్ సంగీతనాటకం సాధనలో ఆయనను బూరలు ఊదేవారి ముందు కూర్చోబెట్టారు. ఆ హోరుకు ఆయన వినికిడి దెబ్బతిని వృత్తినే వదులుకోవలసి వచ్చింది. చెవి బిరడాలు ఇచ్చాం గదా అని సంస్థ వాదించినా, 2018లో న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 2019లో అప్పీలు కోర్టులోనూ ఆయనదే గెలుపు. బిరడాలు చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదనీ, ముందు శబ్దాన్నే తగ్గించే ఏర్పాటు చేయాలనీ ఈ వ్యాజ్యం నుంచి మనం గ్రహించవలసి ఉన్నది.

శబ్దాన్ని అదుపు చేయాలన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. 1914లో పునాది పడి, 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మా మెదక్ చర్చి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల రాతికట్టడం. అందులో ప్రతిధ్వని హోరెత్తకుండా కప్పులో స్పంజి వంటి గుల్ల పదార్థం వాడారని చెబుతారు. నూరేళ్ల కిందట అంత శ్రద్ధ! ఇప్పటి ఫంక్షన్ హాళ్లలో నేలంతా నున్నని బండలు, గోడలంతా అద్దాలు. మోగిన శబ్దం బయటికి పోయే దారి లేక మళ్లీ వాయించేవాడి చెవినే వెతుక్కుంటూ వస్తుంది.

మేళం పిలిచే గృహస్థులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మేళగాళ్లను డీజే పెట్టెల ముందు నిలబెట్టకండి. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గంటకొకసారి పది నిమిషాలు విశ్రాంతి ఇచ్చి మంచినీళ్లు ఇవ్వండి. ఆ పది నిమిషాలు డీజే కూడా ఆపండి, లేకపోతే చెవికి విశ్రాంతి కాదు. రాత్రి 10 గంటల తరువాత లౌడుస్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు ఎట్లాగూ చెబుతున్నాయి. "ఇంకా గట్టిగా!" అని మేళగాడి చెవి దగ్గర అరిచే మేనమామను కాస్త పక్కకు తీసుకుపోండి. మేళగాడు తనంతట తాను ఆపలేడు. ఆపమనే అధికారం పిలిచినవాడిదే.

పెళ్లి ఖర్చుల పట్టీ రాసేటప్పుడు మేళం వారికి తాంబూలం, బట్టలు, భోజనం అని రాస్తాం. దాని కింద మనిషికి ఒక జత చెవి బిరడాలు అని ఇంకొక్క పంక్తి చేర్చండి. పెళ్లి భోజనంలో ఒక విస్తరి ఖర్చుకు మించదు. మన అబ్బాయి తన కోసం ఒక జత ఫిల్టరు బిరడాలు తెప్పించుకుని, ఇంటి వెనుక సాధనలో అలవాటు చేసుకుంటున్నాడు. దరువు దొరుకుతున్నదట. డప్పు కాగిందో లేదో చెప్పవలసిన చెవి ఇప్పుడు ఆ ఇంట్లో అతనిదే.